రంగు పూసిన కొస

అన్న వెల్డింగ్ టేబుల్ చేసుకుంటాడట, దాని పైపలకకు ప్లేటు నన్నే తెచ్చిపెట్టమన్నాడట. వదిన ఫోన్ చేసి ఈ మాట చెప్పినప్పుడు నేను వేమగల్‌లో మా ఫ్యాక్టరీ స్టోరులో బేరింగుల పెట్టెలకు చీటీలు అంటిస్తున్నాను. ఫోన్ పెట్టేశాక చూస్తే ఆరు పెట్టెలకు ఒకే నంబరు చీటీ అంటించి ఉన్నాను. ఇరవై ఏళ్లకు పైగా స్టోరు కీపర్‌గా పనిచేస్తున్నవాణ్ణి. ఈ పని ఇంకెవరైనా చేసి ఉంటే వాళ్ల ఏడు తరాలనూ తిట్టేవాణ్ణి.

నిజానికి సంతోషపడాల్సిన కబురు. అన్న వెల్డింగ్ హోల్డర్ ముట్టక పదిహేనేళ్లయింది. ఇన్నాళ్లూ బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేశాడు. రోజూ పొద్దున రైలెక్కడం, రాత్రికి ఇల్లు చేరడం. ఈ ఏడు అదీ మానేసి కేజీఎఫ్‌లో ఇంటిపట్టున ఉంటున్నాడు. ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాదు. ఇంట్లో కొళాయిలన్నీ బిగించి బిగించి రెండింటిని విరగ్గొట్టాడని వదిన గోల. పట్టుపురుగులు పెంచే రైతులకు తట్టలు పెట్టుకునే ఇనుప స్టాండ్లు కావాలని ఎవరో అంటే, చేసిస్తానని మాట ఇచ్చాడట. స్టాండ్లు వంకర లేకుండా రావాలంటే సమతలంగా ఉండే టేబుల్ ఉండాలి. అదీ సంగతి.

"ఇనుము మాత్రం నువ్వే తేవల్లంట. ఇంగెవురు తెచ్చినా ముట్టడంట" అంది వదిన.

తమ్ముడి మీద అన్నకు ఎంత నమ్మకమో అన్నట్టు ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నేను చివరిసారి అన్న చేతికిచ్చిన ప్లేటు ఒక మనిషి ప్రాణం తీసింది. తప్పు తన అతుకుదేనని అన్న వెల్డింగే మానేశాడు. తప్పు నాదని తెలిసినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణేనని అప్పటికి నా నమ్మకం.

మా నాన్న బడిపంతులు. ఇద్దరు కొడుకుల్లో ఒకడైనా కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేస్తాడని ఆశపడ్డాడు. అన్న కేజీఎఫ్ బంగారు గని వర్క్‌షాపులో వెల్డర్ అయ్యాడు. నేను బీకాం చదివి స్టోరు కీపర్‌ని అయ్యాను. కుర్చీ అయితే దొరికింది గానీ చుట్టూ ఇనుమే. గని మూతపడ్డాక అన్న బంగారుపేట రోడ్డులో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులో చేరి, కొన్నాళ్లకు నన్నూ అక్కడికే పిలిపించుకున్నాడు. ఆ షెడ్డు ఇప్పుడు లేదు. ఆ చోట కల్యాణ మంటపం లేచింది. అక్కడ జరిగే పెళ్లిళ్లకు నేను వెళ్లను. వెళ్లకపోవడానికి ప్రతిసారీ ఒక కడుపునొప్పి తెచ్చుకుంటాను.

ఇనుప ప్లేట్లు చూడ్డానికి అన్నీ ఒక్కటే. మామూలు ఇనుమూ, రాళ్ల రాపిడికి తట్టుకునే గట్టి ఇనుమూ తుప్పు పట్టాక పక్కపక్కన నిలబెడితే కొన్నవాడు కూడా పోల్చుకోలేడు. అందుకని ప్లేటు రాగానే ఒక కొసకు రంగు పూస్తారు. మా షెడ్డులో మామూలు దానికి పచ్చ, గట్టి దానికి ఎరుపు. ముక్క కోయాల్సి వచ్చినప్పుడల్లా రంగు లేని కొస నుంచే కోస్తూ రావాలి. రంగున్న కొస అన్నిటికన్నా చివర మిగలాలి. స్టోరులో చేరినవాడికి మొదటి రోజు నేర్పేది ఇదే, నేనే ఎందరికో నేర్పాను.

ఒకరోజు ఎర్ర ప్లేటు నుంచి ముక్క కావలసి వచ్చింది. రంగున్న కొస తలుపు వైపు ఉంది. గ్యాస్ కటింగ్ గొట్టం అక్కడిదాకానే అందుతోంది. ప్లేటు తిప్పాలంటే నలుగురు మనుషులు కావాలి, ఆ నలుగురూ క్యారియర్లు విప్పుకుని భోజనానికి కూర్చున్నారు. ఇక్కడే కోసెయ్యండి అన్నాను. రంగుతో సహా ఆ ముక్క వెళ్లిపోయింది. మిగిలిన దానికి మళ్లీ రంగు పూద్దామనుకుని అన్నానికి వెళ్లాను. నిమ్మకాయ పులుసు, అప్పడాలు. ఏం తిన్నానో ఇప్పటికీ గుర్తుంది గానీ రంగు సంగతి మాత్రం అన్నం చివరికొచ్చేసరికే మరిచిపోయాను.

కొన్ని నెలలకు ఒక రాళ్ల క్రషర్‌కు ఎత్తయిన ఇనుప తొట్టి చేసే పని వచ్చింది. దాని పైన మనిషి నిలబడటానికి చిన్న అరుగు, చుట్టూ కమ్మీలు, కింద మోసే రెండు బ్రాకెట్లు. బ్రాకెట్లకు ప్లేటు కావాలని అన్న స్టోరుకొచ్చాడు. మూలన ఉన్న ముక్క చూపించాను. మామూలుదేనా అని అడిగాడు. మామూలుదే అన్నాను. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

గట్టి ఇనుమును మామూలు దానిలా అతికిస్తే ఏమవుతుందో వెల్డర్లందరికీ తెలుసు. ముందే బాగా వేడి చేసుకుని, అతికించాక మెల్లగా చల్లారనివ్వాలి. లేకపోతే అతుకు అందంగానే ఉంటుంది, దాని పక్కనున్న ఇనుములో వెంట్రుకంత చీలిక పడుతుంది. పైకి కనిపించదు. రోజులు గడిచేకొద్దీ అది లోలోపలే పెరుగుతుంది.

ఆ తొట్టిని నిలబెట్టినవాడు టేకల్ మనిషి. మా షెడ్డులో ఎత్తులెక్కే పనులన్నీ ఆయనవే. ఊళ్లో కాస్త భూమి, రాగుల పంట, రెండు ఆవులు. మామిడికాయల కాలంలో సంచీ నిండా తెచ్చి నా బల్ల మీద కుమ్మరించి "తిను స్టోరప్పా, లెక్క రాసుకోవద్దులే" అని ఎగతాళి చేసేవాడు. నిచ్చెన ఎక్కే ముందు చేతిలోని స్పానరుతో మొదటి మెట్టు మీద మూడుసార్లు కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. అదేం అలవాటని అడిగితే, ఇనుమును లేపి ఎక్కాలి, నిద్రపోతున్న దాని మీద ఎక్కకూడదు అనేవాడు.

తొట్టి నిలిపిన పదో రోజు ఒక బోల్టు బిగించడానికి ఎక్కాడు. నేనూ అన్నా కిందనే ఉన్నాం. మూడుసార్లు కొట్టడం విన్నాను. పైకెళ్లి నడుముకున్న బెల్టు కొక్కెం అరుగు కమ్మీకి తగిలించడం చూశాను. అరుగు మీద కాలు మోపాడు. కొమ్మ విరిగినంత చిన్న చప్పుడు అయింది. బ్రాకెట్టు అతుకు పక్కన చీరుకుపోయి, అరుగూ కమ్మీలూ బెల్టూ మనిషీ అన్నీ కలిసే కిందపడ్డాయి. మేం పరుగెత్తి వెళ్లేసరికి ఊపిరి లేదు. బెల్టు కొక్కెం ఇంకా కమ్మీకి తగిలించే ఉంది.

షెడ్డు ఓనరు పోలీసుల కన్నా ముందొచ్చాడు. ఒంగి బెల్టు విప్పి తన కారు డిక్కీలో వేసుకున్నాడు. అతుకు తప్పంటే వెల్డర్ జైలుకు పోతాడని, బెల్టు వేసుకోలేదంటే ఎవరికీ ఏమీ కాదని మా ఇద్దరికీ మెల్లగా చెప్పాడు. స్టేషనులో అడిగినప్పుడు నేను బెల్టు చూడలేదన్నాను. అన్నా అదే అన్నాడు. చచ్చిపోయిన మనిషి నిర్లక్ష్యంగా ఉన్నాడని కాగితాల మీద ఎక్కింది. ఆయన భార్యకూ అదే చెప్పి పంపారు. మర్నాటి నుంచి అన్న షెడ్డుకు రాలేదు.

అన్నను కాపాడటానికే అబద్ధం చెప్పానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం అబద్ధం. ప్లేటు సంగతి తవ్వుతారేమోనని నాకు భయం. అన్న తన అతుకును తాను తిట్టుకుంటూ చేతులు ముడుచుకుంటే, నేను వేమగల్‌లో మంచి ఉద్యోగం చూసుకున్నాను. అక్కడ నా అంత జాగ్రత్త మనిషి లేడని పేరు. ప్రతి ప్లేటుకూ రెండు కొసలా రంగు వేయిస్తాను. కుర్రకారు వెనక నవ్వుకుంటారని తెలుసు. ఎవరైనా గొట్టం మీద స్పానరుతో కొడితే నేను కుర్చీలోంచి లేచి నిలబడతాను. మూడో దెబ్బ పడేదాకా కూర్చోలేను. రెండు కొట్టి ఆపేసినవాడి దగ్గరికి వెళ్లి ఇంకొకటి కొట్టమని అడిగిన రోజు కూడా ఉంది. వాడు నా మొహం వంక అదోలా చూసి కొట్టాడు.

అలాంటి నన్ను అన్న ఇనుము తెమ్మన్నాడు.

శనివారం కేజీఎఫ్ వెళ్లాను. అన్న ఇంటి వెనక నేల మీద సుద్దముక్కతో టేబుల్ గీసి పెట్టుకున్నాడు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, తన నడుము ఎత్తు. గని మట్టి పోసిన సైనైడు దిబ్బ మీంచి గాలి వీచినప్పుడల్లా సుద్దగీతల మీద సన్నటి దుమ్ము పడుతోంది, ఆయన ఉఫ్ అని ఊదుకుంటున్నాడు. ఎంత మందం అని అడిగాను. పన్నెండు మిల్లీమీటర్లు అన్నాడు. ఏ ఇనుము అని అడిగాను. తల ఎత్తకుండానే, అది నీకు తెలియనిదా అన్నాడు. మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం అది మామూలుగా వినిపించలేదు.

టేబుల్ పైపలక కష్టమైన విషయం కాదు. సమతలంగా ఉండాలి, వేడికి వంగనంత మందం ఉండాలి, కరెంటు బాగా పారాలి, అయస్కాంతం అంటుకోవాలి, అవసరమైతే దాని మీదే నాలుగు టాకాలు, అంటే చుక్కంత అతుకులు, వేసి తర్వాత గీకేసుకునేలా ఉండాలి. మామూలు మెత్తటి ఇనుము ఇవన్నీ చేస్తుంది. ఇంత సులువైన దానికి రాబర్ట్‌సన్‌పేట బజారులో ప్రతి కొట్టువాడూ నాకొక కొత్త బుద్ధి చెప్పాడు. ఒకడు జింకు పూత రేకు తీసుకోమన్నాడు, తుప్పు పట్టదట. దాని మీద వెల్డింగ్ చేస్తే ఆ పొగకు అన్న రెండు రోజులు జ్వరంతో పడుకుంటాడు. ఇంకొకడు స్టీలు గిన్నెల్లా మెరిసే షీటు చూపించాడు. రెండు అతుకులు పడితే అప్పడంలా పైకి లేస్తుంది. మూడోవాడు లారీల్లో పరిచే గీతల ప్లేటు తెచ్చి, జారదు సార్ అన్నాడు. టేబుల్ మీద డాన్సు చేసేవాళ్లెవరూ లేరని చెప్పి బయటికొచ్చాను.

చివరికి పాత ఇనుము కొట్టుకు వెళ్లాను. మా ఊరివాళ్లకు గని ఇనుమంటే పిచ్చి. గనిలోంచి వచ్చిన మేకు కూడా బజారు మేకు కన్నా మేలని ప్రమాణం చేసి చెబుతారు. కొట్టు పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, వెనక నుంచి ఒక ప్లేటు లాగించాడు. పదహారు మిల్లీమీటర్లు, అన్న అడిగిన దానికన్నా మందమే, నిఖార్సయిన సమతలం. దారం లాగి పట్టి చూస్తే ఎక్కడా వెలుతురు దూరలేదు. అయస్కాంతం పెడితే టక్కున పట్టుకుంది. అంచులు చూశాను. ఏ కొసనా రంగు లేదు.

"గని ఇనుమప్పా. మెత్తదే. నేను చెప్తా ఉండాను గదా" అన్నాడు పెద్దాయన.

ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది. అన్న గనిలో పనిచేసినవాడు, ఈ ప్లేటు చూస్తే మొహం వెలుగుతుంది అనుకున్నాను. కానీ కొట్టులో గ్రైండర్ ఉంది, నా చేతులు వాటంతటవే దాన్ని అందుకున్నాయి. మెత్తటి ఇనుమును గ్రైండర్‌తో రాస్తే రవ్వలు పొడుగ్గా, గడ్డిపోచల్లా సాఫీగా వెళతాయి. గట్టి ఇనుము రవ్వలు కొంచెం దూరం వెళ్లి పగులుతాయి, పువ్వులు పువ్వులుగా విచ్చుకుంటాయి. అంచు మీద చక్రం ఆనించాను. పువ్వులు.

గ్రైండర్ ఆపి అక్కడున్న డ్రమ్ము మీద కూలబడ్డాను. చక్రం ఇంకా తిరుగుతోంది. పెద్దాయన మంచినీళ్లు తెప్పించి, షుగరుందా అని అడిగాడు. ఉందన్నాను. లేదు. నా కళ్ల ముందు ఆ పువ్వులే రాలుతున్నాయి. ఆ రోజు ప్లేటు ఇచ్చే ముందు గ్రైండర్‌తో ఒక్క క్షణం రాసి చూసి ఉంటే ఇవే పడేవి కదా అన్న ఒక్క ఆలోచనే బుర్రలో గిర్రున తిరుగుతోంది. పాత ఇనుము ఎవరికి దొరికితే వాళ్లు తీసుకుపోతారు. ఈ ప్లేటు ఇంకెవరికో మెత్తదని చెప్పి అమ్ముతాడు. కొట్లోనే ఎర్ర పెయింటు డబ్బా అడిగి తీసుకుని ఆ ప్లేటుకు నాలుగు అంచులా పూశాను. పెద్దాయన కొట్టు సరుకు పాడు చేశానని అరిచాడు. అరవనిచ్చాను.

మర్నాడు మాలూరు దగ్గర కొత్త ఇనుము అమ్మే యార్డుకు వెళ్లాను. మెత్తటి ప్లేట్లు, పన్నెండు మిల్లీమీటర్లవి, ఒక కొసన పసుపు రంగు, కింద అచ్చుగుద్దిన నంబరు. నాలుగడుగులు రంగున్న వైపు నుంచి కోసివ్వమని అడిగాను. అడిగాక గానీ ఏమడిగానో నాకు తెలియలేదు. అక్కడి కటింగ్ మనిషి తలాడించి, రంగు కొస ఇవ్వం, అది కోస్తే మిగిలిన ప్లేటు ఏమిటో ఎవరికీ తెలియదు అన్నాడు. వాడి భుజం తట్టాలనిపించింది. భయం కొద్దీ రంగు గుర్తున్న ముక్కే అన్నకు ఇవ్వాలని నేను మళ్లీ అదే తప్పు చేయబోయాను. రంగు లేని కొస నుంచే కోయించుకుని, నా ముక్క మీద వాడి చేతనే పసుపు గుర్తు వేయించి, లగేజీ ఆటోలో వేసుకుని కేజీఎఫ్ బయల్దేరాను. వంద కిలోల పైన ఉంటుంది. ఆటో గుంతలో పడినప్పుడల్లా వెనక అది బొంగురుగా మోగేది.

దారిలో నిర్ణయించుకున్నాను. ప్లేటు దించాక చెప్పేయాలి. చెబితే అన్న నన్ను గుమ్మం తొక్కనివ్వకపోవచ్చు. నావల్ల పదిహేనేళ్ల చేతిపని పోగొట్టుకున్న మనిషి. చెప్పకపోతే, రేపు ఈ టేబుల్ ముందు ఒంగి అతుకు వేసిన ప్రతిసారీ తన చేతిని తాను అనుమానించుకుంటాడు. ఆయన పట్టుకోబోయే హోల్డర్‌కు అడ్డం ఆ రోజు నేనన్న 'మామూలుదే' అన్న మాటే ఉంది.

ప్లేటును నలుగురు కలిసి దించి గోడకు ఆనించారు. వాళ్లు వెళ్లాక అన్న దాని చుట్టూ తిరిగాడు. పసుపు గుర్తు మీద బొటనవేలు రాశాడు. లోపలికెళ్లి గ్రైండర్ తెచ్చి నాకిచ్చి, రాసి చూడు అన్నాడు. రాశాను. రవ్వలు పొడుగ్గా, సాఫీగా, పెరటి గోడ దాకా వెళ్లాయి. ఎక్కడా పగల్లేదు. ఆయన అద్దాలు కూడా పెట్టుకోకుండా చూస్తూ నిలబడ్డాడు. చాలని చెయ్యెత్తే దాకా నేను రాస్తూనే ఉన్నాను.

గ్రైండర్ కింద పెట్టి చెప్పేశాను. ఎర్ర ప్లేటు, తలుపు వైపు కొస, భోజనం వేళ, మూలన మిగిలిన ముక్క, అన్నీ. వరసగా చెప్పలేకపోయాను. నిమ్మకాయ పులుసు సంగతి కూడా చెప్పాను, అదెందుకో తెలియదు. నీ అతుకు తప్పు కాదన్నా, అతుకు చెక్కుచెదరలేదు, పక్కనున్న ఇనుము చీలింది, ఆ ఇనుము నేనిచ్చింది అన్నాను. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

అన్న సుద్దగీతల మధ్యన నేల మీద కూర్చున్నాడు.

"నాకు తెలుసప్పా" అన్నాడు. "బ్రాకెట్లు కోసి అంచు రాసినాను గదా. పువ్వులు పువ్వులుగా పడినాయి. చూసినాను. క్రేను వచ్చి నిలబడి ఉండాది. వేడి చేసి అతికించల్లంటే ఇంగో పూట పడతాది. ఒకతూరికి ఏమవుతాదిలే అని అతికించేసినాను. నువ్వు చూడకుండా ఇచ్చినావు. నేను చూసి అతికించినాను."

నేనెప్పుడూ నేర్చుకోని పాఠంలా ఆ మాటలు మళ్లీ మళ్లీ మనసులో చదువుకున్నాను. నన్ను కాపాడటానికి ప్లేటు సంగతి దాచావా అని అడిగాను. కాదన్నాడు. ప్లేటు గురించి చెబితే రవ్వలు చూశావా అని ఎవరైనా అడుగుతారు, అందుకని నోరు మూసుకున్నానన్నాడు. ఈసారి అన్న అబద్ధం చెప్పలేదు. నా కోసమే దాచానని మంచితనం చాటుకునే అవకాశం నేనే అందించినా తీసుకోలేదు.

నాకు ఒళ్లు తేలికపడింది. పదిహేనేళ్లుగా ఒక్కణ్ణే మోసిన దాంట్లో సగం ఎవరో అందుకున్నట్టు, నిజంగా ఆకలి కూడా వేసింది. అన్న మొహంలోనూ అదే చూశాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, దాదాపు నవ్వబోయాం. అప్పుడు వెనక గుమ్మంలో వదిన కనిపించింది. చేతిలో రెండు టీ గ్లాసులు. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు.

"మీరిద్దురూ ఒకరికొకరు చెప్పుకున్నారు. బాగుండాది" అంది. "టేకల్‌లో ఆయమ్మకు ఎవురు చెప్తారు?"

గ్లాసులు కింద పెట్టి లోపలికెళ్లింది.

వచ్చిన ఆదివారం ఇద్దరం టేకల్‌కు రైలెక్కాం. అదే లైనులో అన్న పదిహేనేళ్లు రోజుకు రెండుసార్లు టేకల్ మీదుగా వెళ్లాడు. బంగారుపేట దాటాక నాతో చెప్పాడు: టేకల్ వస్తోందంటే సీటులోంచి లేచి అవతలి వైపు తలుపు దగ్గరికి వెళ్లి నిలబడేవాడట. ప్లాట్‌ఫారం వైపు చూస్తే స్పానరు పట్టుకుని ఎక్కడానికి వచ్చేవాళ్లలో ఆ చనిపోయినాయన కనిపిస్తాడని. కనిపించేవాడా అని అడిగాను. రైలు ఆగినప్పుడల్లా బయటి నుంచి పెట్టె మీద ఎవరో మూడుసార్లు కొట్టినట్టు ఉండేదన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను. మూడో దెబ్బ పడేదాకా కుర్చీలో కూర్చోలేని నా సంగతి అన్నకు చెప్పలేదు.

ఆమె ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. కూతురు దగ్గర్లోని నరసాపురంలో ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్లిందట, ఆమె ఒక్కతే ఉంది. మల్బరీ కొమ్మల నుంచి ఆకు దూసి గంపలో వేస్తోంది. ఎవరమో చెప్పగానే పోల్చుకుంది. అన్నను చూసి చిక్కిపోయావంది, నన్ను చూసి స్టోరప్పవు కదా అంది. ఆ పిలుపు ఆమెకెలా తెలుసని అడగాల్సిన పని లేదు. ఇంటికెళ్లి మా కబుర్లు చెప్పేవాడన్నమాట. చాప వేసి మజ్జిగ ఇచ్చింది.

అన్న చెప్పాడు. తన సంగతి ముందు చెప్పాడు, తర్వాత నన్ను చూశాడు, నా వంతు నేను చెప్పాను. ఇనుము మాటలు ఎలా చెబితే అర్థమవుతాయో తెలియక పిండీ నీళ్లూ అంటూ ఏదేదో అన్నాను. ఆమె ఆకు దూయడం ఆపలేదు. మేం మాట్లాడుతున్నంతసేపూ కొమ్మ తర్వాత కొమ్మ తీసుకుంటూనే ఉంది. కేసు పెట్టుకుంటే ఇద్దరం వచ్చి నిజం చెబుతామన్నాడు అన్న. చివరికి షెడ్డు ఓనరు బెల్టు విప్పిన సంగతి దగ్గరికి వచ్చాను. అక్కడ ఆమె చెయ్యి ఆగింది.

"బెల్టు యేసుకొనే ఉండిన్యాడా ఆయప్ప?"

"యేసుకొనే ఉండినాడమ్మా" అన్నాడు అన్న. "కొక్కెం గూడా తగిలించినాడు. మేమిద్దరం చూసినాం."

ఆమె చేతిలోని కొమ్మను గంప అంచు మీద పెట్టింది. మా మీద అరుస్తుందని, పొమ్మంటుందని నేను సిద్ధంగా ఉన్నాను. నిజం చెప్పాలంటే అలా జరిగితే బాగుండునని ఆశపడ్డాను. ఆమె మా వైపు చూడనే లేదు.

"ఇన్నేండ్లూ తిట్టినాను ఆయప్పను" అంది. "బెల్టు యేసుకునేదానికి ఏం రోగం, పెండ్లాం బిడ్డ గేపకం రాలేదా అని. పెద్దల అమావాస్యకు ఆకేసి పెట్టేటప్పుడు గూడా తిట్టుకుంటానే పెట్టినాను."

లేచి, కొంగుకు చేతులు తుడుచుకుని ఇంట్లోకి వెళ్లింది. తలుపు దగ్గరగా వేసుకుంది. మేం చాప మీదే ఉండిపోయాం, ఉండమనీ లేదు, పొమ్మనీ లేదు. కాసేపటికి లోపల నుంచి ఆమె గొంతు వినిపించింది. ఎవరినో బతిమాలుతున్నట్టు, చిన్నగా, ఆగి ఆగి మాట్లాడుతోంది. ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.